నల్లమందు పండు దేశమున నొప్పికి మందు కరవు

మాఘ ఫాల్గుణములలో మధ్యప్రదేశమందలి నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతముల గసగసాల చేలగట్టున నిలచి చూచినవారికి, సర్కారు కన్ను ఎంత నిశితమైనదో బోధపడును. అపరాహ్ణవేళ రైతు పచ్చికాయకు సన్నని మొనలు గల పనిముట్టుతో గాట్లు పెట్టును. రాత్రియంతయు స్రవించిన పాలు గాలి సోకి గోధుమవన్నెకు తిరిగి చిక్కబడగా, మఱునాటి యుదయమున దానిని గీకి తీయును. నల్లమందనబడు ఆ జిగురు ఏనాటికానాడు తూచి లెక్క వ్రాయబడును. జిగురంతయు కేంద్రప్రభుత్వమునకే అప్పగింపవలెను. నిర్ణీత ప్రమాణమునకు దిగుబడి తగ్గెనా, మఱుసటియేడు లైసెన్సు దక్కుట కష్టము.

ఈ కట్టుదిట్టములకు మూలము ప్రజారోగ్యచింత కాదు. 1773లో వారన్ హేస్టింగ్సు వంగదేశపు నల్లమందు వ్యాపారమును ఈస్టిండియా కంపెనీ గుత్తకు తెచ్చినది బొక్కసము నింపుకొనుటకే. రైతుకు బయానా యిచ్చి, తాను చెప్పిన ధరకే సరకు కొని, పాట్నా, ఘాజీపూరులలో ఉండలు కట్టించి, కలకత్తాలో వేలము వేసి, చైనాకు దొంగచాటుగ దాటించు పాపమును మాత్రము ప్రైవేటు వర్తకుల నెత్తికి చుట్టిన ఆ దొరల చాతుర్యము అనన్యసామాన్యము. 1839లో లిన్ జెషూ యను చైనా అధికారి ఇరువదివేలకు పైబడిన పెట్టెల సరకును ధ్వంసము చేయింపగా, ఆ కలహమును సాకుగొని యుద్ధము సాగించి, 1842 నాటి సంధిలో హాంకాంగును గైకొన్నది బ్రిటిషు సామ్రాజ్యము.

స్వతంత్ర భారతము ఆ లాభదృష్టిని విడిచినది గాని, రోగి యక్కఱను లెక్కింప నేర్వలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినశిక్షలను విధించి, లైసెన్సుమీద లైసెన్సు అడుగసాగుటతో, ఆసుపత్రులు నల్లమందునుండి తీయు నొప్పిమందైన మార్ఫీనును తాకుటకే జంకినవి. 1997 నాటికి ఇంత పెద్ద దేశమున ఏడాది మార్ఫీను వాడకము 18 కిలోలకు దిగజారినది. నల్లమందు జిగురును చట్టబద్ధముగా పండించి పరదేశములకు పంపు దేశములో, ఎముకకు పాకిన పుండుతో రాత్రియెల్ల మూలుగు కాన్సరు రోగికి అదే జిగురునుండి తీసిన మాత్ర దొరకకుండుట ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట కాక మఱేమి?

అమెరికాలో నొప్పిమాత్రలే వ్యసనమై వేలమందిని బలిగొన్నవి కావా యని ఆక్షేపించువారు గలరు. నిజమే. అచట మందుల కంపెనీలు లాభాపేక్షతో అవసరము లేనివారికిని మాత్రలు అంటగట్టినవి; ఇచట అవసరమైనవానికే అందనీయము. రెండు దోషములకును ఒకే చికిత్స యెట్లు చెల్లును? మన దేశముననే దారి చూపినవారు లేకపోలేదు: కేరళమున ఉపశమన చికిత్సా కేంద్రములు మార్ఫీనును ఇండ్లకు చేర్చి యేండ్లు గడచినవి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రియు ఈ మార్గమున నడచుచున్నది.

2014లో పార్లమెంటు ఆ 1985 చట్టమును సవరించి, అత్యావశ్యక మాదకౌషధములకు పలు లైసెన్సుల పీడను తొలగించినది. ఇక సాకు లేదు. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును ప్రతి జిల్లా ఆసుపత్రిలో మార్ఫీను మాత్రల నిలువ నుంచి, దానిని వాడ నేర్చిన వైద్యు నొక్కనినైన నియమించి, ఏయే ఆసుపత్రులలో మందు దొరకునో ఆ జాబితాను ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల గోడలపై తెలుగులో అంటింపవలెను. రోగి బంధువు చీటీ చేతబట్టుకొని రెండు వారముల మాత్రలకై రాజధానికి బస్సెక్కు దుర్గతి ఈ యేడాదితో ముగియవలెను.