సత్తు బిందెలాంటి సైకిల్

ఇత్తడి బిందెతో నీళ్ళు మోసిన చేతులకు సత్తు బిందె వచ్చాక ఎంత సుఖమనిపించిందో గుర్తుందా అక్కయ్యలూ? నీళ్ళు అన్నే, మోత తగ్గింది. ఈ వారం వంటలు మానేసి సైకిల్ సంగతి ఎత్తుకున్నానని విసుక్కోకండి. దాని కిటుకంతా ఆ బిందెలోనే ఉంది.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. బయ్యారం చెరువు కట్ట మీదా, గుట్టల పక్క ఎర్రమట్టి బాటల్లోనూ సైకిల్ తొక్కడమంటే దానికి ప్రాణం. కొండబాటల పందెంలో పేరిస్తానంటే నిరుడు ముచ్చటపడి రెండు స్ప్రింగుల కొత్త సైకిల్ కొన్నాం. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. తీరా మిర్చి బస్తాలు తూచే కాటాకు తగిలిస్తే 19 కిలోలు! ఒర్రె దగ్గర ఎత్తి దాటించలేక పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. "ఆడపిల్లకు గిసొంటి సోకులెందుకు బిడ్డా, అమ్మెయ్యి" అంది మా అత్తమ్మ. అమ్మేశాను. కానీ ఆ డబ్బు తీసుకెళ్ళి చీటీలో మాత్రం కట్టలేదు.

అసలీ కొండ సైకిళ్ళు పుట్టిందే పాత సామానులోంచి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ అనే చోట కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు ఏరుకొచ్చి కొండ దిగేవారు. దిగేసరికి బ్రేకులోని గ్రీజు కాగిపోయి, మళ్ళీ నింపాల్సి వచ్చేదట. ఆ ఆటే 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌దాకా వెళ్ళింది.

మా తమ్ముడు పట్నం నుంచి వాడిన సైకిల్ ఒకటి 6,500కు పట్టుకొచ్చాడు. అల్యూమినియం ఫ్రేము, వెనక స్ప్రింగు లేదు. అల్యూమినియమంటే మన సత్తే, ఇనుము బరువులో మూడో వంతు. బలం కోసం గొట్టాలు లావుగా చేస్తారు కనుక ఫ్రేము అంత తేలిక కాదు గానీ, తేడా చేతికి తెలుస్తుంది. కొనేముందు అతుకుల దగ్గర గోరు పెట్టి చూడండి. పగులుంటే ఎంత చవకైనా వద్దు.

మా గుట్టల్లో ఇనుపరాయి ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలుందేమో చూడాలని 2014 విభజన చట్టంలో రాశారు, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. "ఇనుము ఊళ్ళె ఉండి ఇనుము తీసెయ్యమంటున్నవేందక్కా" అని మెకానిక్ ఒకటే నవ్వు.

డబ్బు ముందు చక్రాల మీద పెట్టండి. ఆగి కదిలినప్పుడల్లా తిప్పాల్సింది వాటినే కదా. వెనక చక్రానికి ఎవరో ఇనుప రిమ్ము వేయించారు, దాన్ని తీయించి అల్యూమినియంది వేయించాం. తడిస్తే ఇనుప రిమ్ము మీద బ్రేకు సరిగా పట్టదు కూడా. తర్వాత ముందు స్ప్రింగు ఫోర్కు తీసేసి మామూలుది పెట్టించాం. కిలోకు పైనే తగ్గింది. పాతదాని పొడవు కొలిచి మరీ తెచ్చుకోండి. పొట్టిదైతే సైకిల్ ముక్కు వంగి, దిగుడులో బోర్లా పడతారు. పెడళ్ళ దగ్గర మూడు పళ్ళచక్రాలుంటే ఒక్కటి చాలు. పళ్ళు ఒకటి సన్నంగా, ఒకటి లావుగా ఉండేది అడగండి, చైను జారదు. స్టాండూ, క్యారేజీ, మడ్‌గార్డులూ విప్పడానికి పైసా ఖర్చు లేదు.

టైర్లు మాత్రం మరీ పల్చనివి వద్దు, మావైపు తుమ్మముళ్ళు అసలు ఊరుకోవు. బ్రేకుల్లోనూ హెల్మెట్‌లోనూ పొదుపు చేస్తే నేనొప్పుకోను.

సామానూ కూలీ కలిపి 4,100. మొత్తం పద్దు 10,600. మళ్ళీ అదే కాటాకు తగిలిస్తే 13 కిలోలకు కాస్త పైన తూగింది. పిల్ల భుజాన వేసుకుని ఒర్రె దాటేసింది. అత్తమ్మ కూడా ఒకసారి చేత్తో లేపి చూసి, చుట్టూ తిరిగి, "మరి దీనికి క్యారేజీ ఏదే? నన్ను గుడికెట్ల తీస్కపోతవ్?" అంది.