బండి మీద ఉన్నాను, పర్లేదు చెప్పండి



ఈ వారం మేము రాస్తున్నది కొందరికి వాక్యంలా అనిపించకపోవచ్చు. "అయ్యగారేంటి, ట్రాఫిక్ పోలీసులా రాస్తున్నారు" అనుకునేవాళ్లూ ఉంటారు. అనుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్లినా రోజూ వినబడే మాట ఒకటుంది. "బండి మీద ఉన్నాను, పర్లేదు చెప్పండి." ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఫోన్ మెడకీ భుజానికీ మధ్య, తల ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. ఈ మాట అన్నవాణ్ణి అందరూ తిడతారు. పోలీసులు తిడతారు, పేపర్లు తిడతాయి, ఇంట్లో అమ్మ తిడుతుంది. కానీ ఆ ఫోన్‌కి అవతల ఇంకొకరు ఉన్నారు. "బండి మీద ఉన్నాను" అని చెవులారా విన్నాక కూడా పెట్టెయ్యకుండా, "అయితే ఒక్క మాట" అని మొదలుపెట్టినవారు. వారిని ఎవరూ ఏమీ అనరు. ఈ రోజు మా మాట ముఖ్యంగా వారితోనే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు దాని పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ రోజుల్లో ఇళ్ల పైకప్పులు చదునుగా ఉండేవి, మన డాబాల్లాగా. మనుషులు పైకెక్కి తిరిగేవారు. గోడ లేక ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందన్నాడు. దేవుడు ఆ మాట ఎవరితో అన్నాడో గమనించారా? పడబోయేవాడితో కాదు, ఇంటి యజమానితో. పడినవాడు తన అజాగ్రత్త వల్లే పడి ఉండొచ్చు. అయినా గోడ కట్టనివాడికి ఆ రక్తంలో లెక్క ఉంది.

ఇప్పుడు మన నేల చూడండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. అక్కడి నుంచి తూర్పు డెల్టాకీ, మధ్య డెల్టాకీ, పశ్చిమ డెల్టాకీ కాలవలు పారాయి. ఆ కాలవ గట్లే ఇవాళ మన రోడ్లు. అవి నీళ్లను ఆపడానికి వేసిన గట్లు, కార్ల కోసం వేసినవి కావు. చాలా చోట్ల ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మధ్యలో రెండు బండ్లు ఒరుసుకుని పోయేంత దారి. పిట్టగోడ లేదు. సార్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, అంచుల వెంట రాళ్లు పెట్టి ఉంటాయి. చీకటి పడితే వెనక లైటు లేని ట్రాక్టర్ తొట్టి ఎదురుగా వచ్చేదాకా కనబడదు. గేదెలకు హారన్ పట్టదు.

అలాంటి రోడ్డు మీద ఫోన్ మోగింది. ఎవరో చూద్దామని రెండే రెండు సెకన్లు తల దించాడు. బండి గంటకు 40 కిలోమీటర్ల మీద పోతుంటే ఆ రెండు సెకన్లలో 22 మీటర్లు పోతుంది. 60 మీద పోతుంటే 33 మీటర్లు. అంత దూరం మన కుర్రాడు కళ్లు మూసుకుని నడిపినట్టే. మన గట్టు మీద మలుపు నుంచి నీళ్లలోకి 33 మీటర్లు ఎక్కడుంటుంది? మూడు మీటర్లు ఉంటే ఎక్కువ.

"వాడి ప్రాణం వాడిష్టం" అని కొందరు అంటారు. పోయేది వాడి ఒక్కడి ప్రాణమే అయితే కదా! 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. కాపలా లేని గేటు అది. పది మందికి పైగా చిన్నారులు ఆ ఉదయం బడికి వెళ్లకుండానే వెళ్లిపోయారు. పట్టాలు దాటేటప్పుడు డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లో అలాంటి గేటు దగ్గరే స్కూలు వ్యాన్‌ను రైలు గుద్ది 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ డ్రైవర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని వార్తలు వచ్చాయి. ఆ పిల్లల చేతుల్లో ఫోన్ లేదు. ఆ పిల్లలు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను రైల్వే శాఖ 2019 నాటికి తీసేసింది. మన చెవులకు మాత్రం ఇంకా కాపలా లేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో ఫోన్ వాడకం కారణమని రాసిన మరణాలు 3,395. "అంతేనా" అనిపిస్తుంది. ఆ అంకె ఎలా పుడుతుందో ఆలోచించండి. చనిపోయినవాడు చెప్పడు. ఇంట్లోవాళ్లు చెప్పరు, శవం ముందు నిలబడి "మావాడు ఫోన్ మాట్లాడుతూ పోయాడండి" అని ఏ తల్లి చెబుతుంది? అవతల మాట్లాడుతున్నవారు అసలే చెప్పరు. కాగితం మీద అతివేగం అని పడుతుంది. నిజం ఎంతో ఆ ఆఖరి కాల్ చేసినవారి గుండెకీ, దేవునికీ తెలుసు.

"మేము ఫోన్ పట్టుకోమండి, బ్లూటూత్ ఉంది" అంటారు ఇంకొందరు. చట్టం చేతిలో పట్టుకున్న ఫోన్‌నే తప్పు పడుతుంది, నిజమే. కానీ 1997లోనే టొరంటో పరిశోధకులు లెక్క తీసి, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం నాలుగింతలవుతుందని, చేతిలో పట్టుకోకపోయినా పెద్ద తేడా లేదని తేల్చారు. 2006లో అమెరికాలో యూటా యూనివర్సిటీవాళ్లు పరీక్ష చేసి, ఫోన్ మాట్లాడుతూ నడిపేవాడు తాగి నడిపేవాడి కంటే మెరుగేమీ కాదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ అదే హెచ్చరిక చేస్తోంది. కారణం చెయ్యి కాదు, మనసు. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, మనసు అవతలివారి ఇంట్లో ఉంటుంది. ఎదురుగా లారీ ఉంటుంది, కన్ను చూస్తుంది, బుర్రకి అందదు.

"పక్కన కూర్చున్నవారితో మాట్లాడితే తప్పు లేదు గానీ ఫోన్‌లో మాట్లాడితే తప్పా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. పక్కన కూర్చున్నావిడ లారీ రావడం చూస్తుంది. మాట ఆపేస్తుంది. "చూసుకోండి" అంటుంది. ఫోన్‌లో ఉన్నావిడకి లారీ కనబడదు. సిద్ధాంతం వంతెన మీద రెండు బస్సుల మధ్య మీ ఆయన ఇరుక్కున్న క్షణంలోనే ఆవిడ "ఉల్లిపాయలు ఎన్ని కేజీలు తెమ్మంటారు" అని అడుగుతుంది. జవాబు రాకపోతే "వింటున్నారా?" అంటుంది. అందుకే చెబుతున్నాం, ఆ బండిని ఇద్దరు నడుపుతున్నారు. ఒకరికి రోడ్డు కనబడుతుంది, ఇంకొకరికి కనబడదు.

ఆ కనబడని డ్రైవర్లు ఎవరు? ఎక్కడోవాళ్లు కాదు. చేపల లోడు భీమవరం దాటిందా లేదా అని అరగంటకోసారి ఫోన్ చేసే యజమాని. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలతో బయల్దేరిన డ్రైవర్‌ని "ఎక్కడున్నావ్, ఇంకా అక్కడేనా" అని తరిమే వ్యాపారి. "ఎంతసేపురా" అనే తండ్రి. కువైట్‌లో ఎవరింట్లోనో పని చేస్తూ, ఆ ఇంటివారు పడుకున్నాక దొరికిన పది నిమిషాల్లో కొడుకు ముఖం చూసుకోవాలనుకునే తల్లి. ఆ తల్లిని మేము తప్పు పట్టలేం, ఆవిడ కన్నీళ్లు మాకు తెలుసు. కానీ అమ్మా, ఆ వీడియోలో కొడుకు ముఖం వెనక చెట్లు కదులుతుంటే ఫోన్ పెట్టెయ్యి. రేపు మళ్లీ చూడాలంటే ఇవాళ పెట్టెయ్యి.

ఆ జాబితాలో సంఘాలూ ఉన్నాయి, సేవకులూ ఉన్నారు. తెల్లవారుజామున కాన్ఫరెన్స్ కాల్‌లో గొలుసు ప్రార్థన జరుగుతుంది. ఒక సహోదరుడి వంతు వచ్చేసరికి వెనక గాలి హోరు, లారీ హారన్లు వినబడతాయి. అందరికీ వినబడతాయి. ఎవరూ "సోదరా, బండి ఆపు" అనరు. "ఆమేన్" అంటారు. ఆదివారం ఆరాధన లైవ్‌ని కారు ముందు తగిలించుకుని డ్యూటీకి పోతూ చూస్తారు. అడిగితే దేవుని పని అంటారు. దేవుని పని పేరు పెడితే రోడ్డు మీది తప్పు ఒప్పైపోదు. ప్రార్థనకు దేవుడు బండి ఆగేదాకా కాచుకుంటాడు, ఎదురుగా వచ్చే టిప్పర్ కాచుకోదు.

"దేవుడు కాపాడతాడండి" అనే మాట ఇంకా ప్రమాదం. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకితే దూతలు ఎత్తిపట్టుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరో మీకు తెలుసు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. అద్దం మీద వాక్యం రాయించుకుని, చేతిలో ఫోన్ పెట్టుకుని పోవడం శిఖరం మీద నుంచి దూకడమే. సాక్ష్యాల సమయంలో "ఫోన్ మాట్లాడుతుండగా లారీ వచ్చేసింది, ప్రభువు తప్పించాడు" అంటే మందిరమంతా చప్పట్లు కొడుతుంది. తప్పించినందుకు స్తోత్రం. కానీ అది సగం సాక్ష్యమే. "ఆ రోజు నుంచి బండి మీద ఫోన్ ఎత్తలేదు" అన్నది మిగతా సగం. అది లేని సాక్ష్యానికి చప్పట్లు కొడితే, వింటున్న యవనస్థులకు మనం నేర్పుతున్నదేమిటి?

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. ఎద్దు మొదటిసారి ఎవరినైనా పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కానీ అది పొడుస్తుందని అతనికి ముందే చెప్పినా కట్టెయ్యకపోతే, అతనిది ప్రాణాపరాధమే. ప్రియులారా, ఈ ఎద్దు పొడుస్తుందని మనకు తెలియదా? ఎన్ని సమాధి కూడికల్లో కూర్చున్నాం? ఇంకా తెలియదనడానికి మనకు దారి లేదు.

చట్టం సంగతీ చెబుతాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, ఫోన్ చేత పట్టుకుని ప్రమాదకరంగా నడిపితే మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కువైట్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఈ తప్పుకు 75 దినార్లు, అంటే మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే. అక్కడ డ్రైవర్ పని చేసే మన కుర్రాళ్లు ఫోన్ ముట్టుకోరు. సెలవుకి రాజమండ్రి స్టేషన్‌లో దిగి బండెక్కగానే ముట్టుకుంటారు. అక్కడ ఆపింది భయం. ఇక్కడ ఆపాల్సింది ప్రేమ. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞకు కెమెరా అక్కర్లేదు.

కాబట్టి మా సంఘ బిడ్డలను మేము అడుగుతున్నవి ఇవి. ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట "ఎక్కడున్నావ్" కాదు, "బండి మీద ఉన్నావా" అని ఉండాలి. అవునంటే రెండో మాట మాట్లాడకుండా పెట్టెయ్యండి. నొచ్చుకుంటారని అనుకోవద్దు. గాలి హోరు వినబడితే అడగకుండానే పెట్టెయ్యండి. మాకు ఫోన్ చేసినా అంతే. బండి శబ్దం వినబడితే మేము పెట్టేస్తాం, ఆగి మళ్లీ చెయ్యండి. ప్రార్థన లైన్‌లోకి బండి మీద నుంచి ఎవరూ రావద్దు. లోడు పంపే యజమానులు డ్రైవర్ ఆగే చోటు, ఆగే సమయం ముందే అనుకుని అప్పుడే మాట్లాడండి. గల్ఫ్‌లో ఉన్న తల్లులు, ఇక్కడున్న పిల్లలు ఒక సమయం పెట్టుకోండి. భార్య వెనక కూర్చుని ఉంటే ఫోన్ ఆమె చేతిలో ఉండాలి. ఒంటరిగా పోతుంటే సైలెంట్‌లో పెట్టి డిక్కీలో వెయ్యండి. తప్పక మాట్లాడాల్సి వస్తే గట్టు అంచున కాదు, వెడల్పు చోట బండి పూర్తిగా ఆపి మాట్లాడండి.

అన్నిటికంటే ముఖ్యంగా ఇంకొకటి. చావు కబురు, హాస్పిటల్ కబురు బండి మీద ఉన్నవాడికి చెప్పకండి. "నాన్న పడిపోయాడు, త్వరగా రా" అన్న మాట విన్నవాడికి తర్వాత రోడ్డు కనబడదు. ఆ ఇంట్లో ఒక మంచం దగ్గర ఏడవాల్సినవారు రెండు మంచాల దగ్గర ఏడవాల్సి వస్తుంది. ముందు బండి ఆపించండి. పక్కన ఎవరున్నారో అడగండి. అప్పుడు చెప్పండి.

తమ్ముడెక్కడని దేవుడు అడిగితే, నేను వాడికి కావలివాడనా అన్నాడు కయీను. మన తమ్ముడు బండి మీద ఉన్నాడు. ఆ సంగతి అతనే మనకు చెప్పాడు. మనం ఇంకా మాట్లాడుతూనే ఉంటే కయీను జవాబే మన జవాబు. కాలవ గట్టుకి పిట్టగోడ ప్రభుత్వం ఎప్పుడు కడుతుందో గానీ, ఈ గోడ మాత్రం మీ బొటనవేలితో ఇవాళే కట్టొచ్చు. ఆ ఎర్ర బొత్తాం నొక్కండి.

ఈ రాత్రి రోడ్ల మీద ఉన్న మన బిడ్డలందరినీ ప్రభువు క్షేమంగా ఇళ్లకు చేర్చును గాక. మాట్లాడవలసిన వేళనూ, మౌనంగా ఉండవలసిన వేళనూ ఎరిగే జ్ఞానం మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.