బోల్టు దగ్గరా పొదుపేనా?

మహారాష్ట్ర తీరాన మాల్వణ్‌లోని రాజ్‌కోట్ కోటలో నెలకొల్పిన 35 అడుగుల శివాజీ విగ్రహం 2024 ఆగస్టు 26న కుప్పకూలింది. 2023 డిసెంబరు 4న ప్రధాని ఆవిష్కరించిన ఆ విగ్రహానికి తొమ్మిది మాసాలైనా నిండలేదు. ఉప్పుగాలికి, వానకు నట్లు, బోల్టులు తుప్పు పడుతున్నాయంటూ రాష్ట్ర ప్రజాపనుల శాఖ నౌకాదళానికి లేఖ రాసింది ఆగస్టు 20న. లేఖకు, పతనానికి మధ్య వ్యవధి ఆరు రోజులే! చట్రం బలహీనత, వెల్డింగు లోపాలు కూడా దర్యాప్తులో బయటపడ్డాయి. అంతమాత్రాన తుప్పు పాత్రను తక్కువగా అంచనా వేయడానికి వీల్లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు వాడి ఉంటే విగ్రహం కూలేది కాదని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ అప్పట్లో వ్యాఖ్యానించారు. సబబైన మాటే గాని, అది సగం సమాధానమే. స్టెయిన్‌లెస్ అన్నదంతా ఒక్కటి కాదు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు ఆ పొరను ఛేదించి గుంటలు పెడుతుంది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల 304 రకం వంటపాత్రలకు చాలు. తీరంలో దానిని నమ్ముకోరాదు. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపిన 316 రకం మేలు. అదీ సర్వత్రా పనికిరాదు. సుమారు 60 డిగ్రీలు మించిన వేడి, ఉప్పు, బిగింపు ఒత్తిడి కలిసినచోట బీటలు వారే ప్రమాదముంది. రసాయన కర్మాగారాల్లో అటువంటి తావులకు డూప్లెక్స్ ఉక్కును పరిశీలించడం అవసరం. స్టెయిన్‌లెస్ పలకలను మామూలు ఉక్కు బోల్టుతో బిగిస్తే తడిలో ముందుగా హరించుకుపోయేది బోల్టే. పలక ఎంత విశాలమైతే ఆ క్షయం అంత వేగవంతమవుతుంది. కనుక బిగించే లోహం, బిగింపబడే లోహం కన్నా నాసిరకమై ఉండరాదు.

మన టెండర్లలో ఈ వివేచన ఎంతవరకు ఉంటున్నది? అతి తక్కువ ధరకే పని దక్కే పద్ధతిలో కోత ముందుగా పడేది చిన్న వస్తువుల మీదనే. 304కు, 316కు తేడా కంటితో చూసి చెప్పగలిగేది కాదు. టెండరులో మిశ్రలోహం రకాన్ని నిర్దేశించడంతో సరిపెట్టక, వచ్చిన సరకును రసాయన పరీక్షకు పంపాలి. బిగించిన తర్వాత నియమిత కాలాల్లో తనిఖీ జరగాలి. తుప్పు కనిపించిందని లేఖ రాసిన వారికే మరమ్మతుకు ఆదేశించే అధికారమూ ఉండాలి.

పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు తీరమున్న దేశం మనది. విశాఖ, కాకినాడల వంటి రేవు పట్టణాలకు ఈ హెచ్చరిక దూరపు వార్త కాదు. మాల్వణ్‌లో 2025లో 60 అడుగుల కొత్త విగ్రహం వెలిసింది. విగ్రహాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. వంతెనో, కర్మాగారపు గొట్టమో విఫలమైతే పోయే ప్రాణాలను తిరిగి తేలేము. ఈ సంగతిని టెండర్లు ఖరారు చేసేవారు ముందుగా గుర్తెరగాలి.