మరమ్మతు గునాహ్ కాదు

"అసలు" అనే మాట మనకు అరబ్బీ నుంచి వచ్చింది. అస్ల్ అంటే వేరు, మూలం. ఉర్దూలో అసలీ అయింది. తెలుగులో అసలు అయి, అసలూ వడ్డీ అంటూ ప్రామిసరీ నోటు దాకా పాకింది. "మరమ్మతు" కూడా ఆ ఖానదాన్ మాటే. ఒకే ఇంట్లో పుట్టిన ఈ రెండు మాటల మధ్య ఇప్పుడు పాత కార్ల షౌకీన్లు దుష్మనీ పెట్టారు. వాళ్ల హిసాబులో మరమ్మతు పడింది అసలీ కాదు. బాగుచేసిన కారు నఖలీ. కొత్త బ్రేకు వేస్తే కారు ఇజ్జత్ పోయినట్టే. అటు కానూన్ కూడా వాళ్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ ఇద్దరితోనూ నాకు జగడం ఉంది.

గాల్లో మాట్లాడొద్దు, ఒక కారును ముందు పెట్టుకుందాం. స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. గీసింది ఇటలీ డిజైనర్ మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్: ఆ రోజుల్లో కారు కొనగలిగినవాడికి ఉన్న గింతీ అదే. "హెరాల్డ్ స్పోర్ట్స్ కారు ఎలా అవుతుంది జనాబ్" అని అడగొచ్చు. 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. దాని చాసీ ఏమిటి? కురచ చేసిన హెరాల్డ్ చాసీ. అంటే హెరాల్డ్ స్పిట్‌ఫైర్‌కు సగా అన్న. మన దేశంలో స్పోర్ట్స్ కారు కొనే తాకత్ ఎవరికుండేది? అందుకే షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన రోజుల్లో ఇంటి ముందు నిలబడే హెరాల్డులు, ఫియట్లే రేసు కార్లయ్యాయి. ఫ్యాక్టరీ ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టుకుని ఎవరూ రేసు గెలవరు. విప్పారు, బరువు తగ్గించారు, కార్బురేటర్ మార్చారు, హెడ్ అరగదీసి కంప్రెషన్ పెంచారు. ఈ దేశంలో మోటార్ రేసింగ్ తారీఖు మొత్తం మిస్త్రీ చేతి తారీఖే.

పైగా ఇంట్లో పెట్టుకుని బాగుచేసుకోవడానికే పుట్టినట్టుంటుంది హెరాల్డ్. చాసీ వేరు, బాడీ వేరు. బాడీ భాగాలు చాలామటుకు బోల్టులతో బిగించినవే. బానెట్, ముందు రెక్కలు కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. ఒక షెడ్డు, ఒక జాకీ, దాని కింద నమ్మదగిన స్టాండ్లు, పానాల సెట్టు, కాస్త సబర్ ఉంటే చాలు. (జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరేవాడికి సబర్ కాదు, అకల్ తక్కువ.) విప్పిన ప్రతి బోల్టునూ సంచీలో వేసి చీటీ రాసుకునేవాడు ఈ కారును మళ్లీ నిలబెట్టగలడు.

ఇప్పుడు అసలీవాలాల దగ్గరికి వద్దాం. వాళ్లు కోరేదేమిటి? ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. సరే. ఆ రోజు ఎలా ఉందో చూద్దాం. మన హెరాల్డుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. బ్రేకు సర్క్యూట్ ఒకటే. ఒక్క చోట పైపు కారితే పెడల్ నేలకంటుతుంది, నాలుగు చక్రాలూ మనల్ని వదిలేస్తాయి. వెనక స్వింగ్ యాక్సిల్. వేగంగా మలుపు తిప్పుతూ భయపడి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే బయటి వైపు వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది, కారు తోక విసురుతుంది. ఈ ఐబ్ ట్రయంఫ్‌వాళ్లకే తెలుసు. అందుకే 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ ఫోర్‌లో వెనక కమాను పట్టీల అమరికనే మార్చేశారు. కంపెనీ మారిస్తే ఇంజనీరింగ్, మిస్త్రీ మారిస్తే మిలావట్. ఇదేం ఇన్సాఫ్?

ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే చిన్న భాగం ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ దాని మరలో తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, తొంభై నంబరు గేరాయిల్ కొట్టాలి. గ్రీజు కొడుతూ పోతే లోపల గట్టిపడి, నీరు చేరి, మర తినేసి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. కారును "ముట్టుకోకుండా" అపురూపంగా దాచుకున్నవాడి హెరాల్డులోనే ఈ ఖతరా ఎక్కువ. ముట్టుకోనిది అసలీ కాదు భాయ్, ముట్టుకోనిది తుప్పు.

ఇంతకంటే పెద్ద మజాక్ పెట్రోలు. హెరాల్డ్ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు కోసం చేసింది. ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లను కాపాడేది. 2000లో దేశమంతా సీసం పెట్రోలు ఆగిపోయింది. అది మంచి పనే, పిల్లల రక్తంలోకి విషం పోవడం తగ్గింది. కానీ అప్పటినుంచి పాత ఇంజిన్ బతకాలంటే హెడ్ విప్పి గట్టి వాల్వు సీట్లు వేయించాలి. ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. 20 శాతం కలపాలన్న గడువును 2030 నుంచి 2025కు జరిపారు, పంపుల్లో అదే పోస్తున్నారు. ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, పగలదీస్తుంది. తేమను పీల్చి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పాలా? అంటే హుకుమత్ పంపులో పోసేది మార్చేస్తుంది, కారు మాత్రం 1965లో ఉన్నట్టే ఉండాలంటుంది. పైపు మార్చనివాడు అసలీవాలా. మార్చినవాడు బతికినవాడు.

ఇక కానూన్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూ. మరి మార్పు అంటే ఏమిటి? బండి నిర్మాణంలో "మౌలిక లక్షణం" మారేది అంటుంది చట్టం. ఆ మౌలిక లక్షణం ఏమిటో మాత్రం చెప్పదు. డిస్క్ బ్రేకు మౌలిక లక్షణమా? డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే? అయిదో గేరు ఉన్న గేర్‌బాక్స్ పెడితే? సెక్షన్ ఖామోష్. సెక్షన్ ఖామోష్‌గా ఉన్న చోట రోడ్డు మీద ఆపినవాడి నోరే కానూన్ అవుతుంది. ఆ నోటికి రేటు ఎంతో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు.

అదే చట్టంలో ఇంకో దర్వాజా చూడండి. ఆమోదం పొందిన కిట్టుతో బండిని గ్యాసుకు మార్చుకోవచ్చు, బ్యాటరీకి మార్చుకోవచ్చు. అంటే హెరాల్డ్ ఇంజిన్ మొత్తం పీకేసి మోటారు పెట్టే దారి ఉంది. అదే కారుకు ఇంకొంచెం నమ్మకమైన పెట్రోలు ఇంజిన్, వేరే కంపెనీది, పెట్టుకుంటే జుర్మ్. దిల్ మార్చడం జాయిజ్, దవా మార్చడం హరాం అన్నట్టుంది.

2021లో వింటేజ్ నియమాలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండ్లకు "వీఏ" నంబరు ప్లేటు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. బాగానే ఉంది. షరతు చూడండి: బండి అసలు రూపంలో ఉండాలి, చాసీలో, బాడీలో, ఇంజిన్‌లో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదు. ఇంకో షరతు: రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. ఈ షరతులు ఎవరికి సరిపోతాయి? నాలుగు కార్ల షెడ్డు, రోజూ తిరగడానికి వేరే కారు, విదేశం నుంచి డబ్బాలో సామాను తెప్పించుకునే జేబు ఉన్నవాడికి. తండ్రి హెరాల్డును పదేళ్లు ఇంట్లోనే పెట్టుకుని, దొరికిన సామానుతో, రాణీగంజ్ గల్లీల్లో తిరిగి, లేతు మీద బుష్షులు చేయించుకుని నిలబెట్టినవాడికి కాదు. అసలీతనం ఇక్కడ తారీఖుకు కొలమానం కాదు, దౌలత్‌కు కొలమానం.

జవాబులు నాకు తెలుసు. మొదటిది: "ఒక్కో పాత కారూ తారీఖు ముక్క, దాన్ని కోస్తే పిల్లలకేం చూపిస్తాం?" కొన్ని కార్లను ముట్టుకోకూడదు, మానుతున్నా. చౌమహల్లాలో ఉన్న నిజాం పసుపు రోల్స్ రాయిస్‌కు ఎవడైనా డిస్క్ బ్రేకు పెడతానంటే వాడి చెయ్యి నేనే పట్టుకుంటా. అది ఒక్కటే ఉంది. హెరాల్డ్ అలా కాదు, అది మధ్యతరగతి బండి. వర్షంలో తడిసి, పెళ్లిళ్లకు తిరిగి, ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా మరమ్మతు చేయించుకుంది. ఆ మరమ్మతే దాని తారీఖు. చార్మినార్ 1591 నాటిది. దానికి ఎన్నిసార్లు గచ్చు పూశారో, ఎన్ని చోట్ల అతుకు వేశారో. అంత మాత్రాన అది నఖలీ చార్మినార్ అన్నవాడు ఒక్కడున్నాడా?

రెండోది: "మరి రాత్రిపూట సైలెన్సర్ కోసేసి గల్లీ అంతా దద్దరిల్లించే ఛోక్రాల సంగతేంటి?" వాళ్లకు నా దగ్గర వకాలత్ లేదు. చప్పుడుకు కొలత ఉంది, పొగకు కొలత ఉంది. దాటినవాణ్ణి పట్టుకోండి. చాసీ నంబరు చెరిపినవాణ్ణి అసలే వదలొద్దు, అది దొంగబండ్ల దందా. కానీ సైలెన్సర్ కోసినవాణ్నీ, సీటు బెల్టు బిగించినవాణ్నీ ఒకే తాడుకు కట్టడం తమీజ్ కాదు.

మూడోది కొంచెం బరువైన దలీల్: "పాత చాసీ కొత్త ఇంజిన్ బలాన్ని తట్టుకుంటుందా?" చాలాసార్లు తట్టుకోదు. నలభై గుర్రాల లోపు శక్తికి గీసిన చాసీకి రెట్టింపు శక్తి తగిలించి, బ్రేకులు మాత్రం పాతవే ఉంచినవాడు ఖాతిల్. చాసీ పక్క కొమ్ములు తుప్పు తినేస్తే లప్పం పూసి రంగు కొట్టినవాడూ ఖాతిలే. నేను అడిగేదే అది: తనిఖీ కావాలి. బందీ కాదు. ఒక ఇంజనీరు కారు కిందికి దూరి వెల్డింగ్ చూసి, బ్రేకు పరీక్షించి, ఆర్సీ మీద రాసివ్వాలి. ఇది నా ఖయాలీ పులావ్ కాదు. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటిన కార్లకు "హెచ్" ప్లేటు ఇస్తారు. నిపుణుడు చూసి, ఆ కాలంలో చలామణిలో ఉన్న మార్పులను ఒప్పుకుంటాడు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి పాయింట్ల హిసాబు నడిచింది: చాసీకి 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్‌బాక్స్, స్టీరింగ్ ఒక్కోదానికి 2, ఇంజిన్‌కు 1. మొత్తం 8 మిగిలితే పాత నంబరు నిలుస్తుంది. చూశారా, ఇంజిన్‌కు ఒక్కటే. ఆ కార్లు పుట్టిన దేశమే ఇంజిన్ మారితే కారు చచ్చిపోదని ఒప్పుకుంది. మనమేమో వాళ్ల కారుకు వాళ్లకంటే ఎక్కువ వఫాదారీ చూపిస్తున్నాం.

ఈ తగాదాలో అందరూ మరిచిపోయే మనిషి మిస్త్రీ. మన బస్తీల్లో బడి మధ్యలో వదిలేసి ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరిన పిల్లవాడు మొదటి ఏడాది పానాలు తుడుస్తాడు, చాయ్ తెస్తాడు. పదేళ్లకు చెవి పెట్టి విని ట్యాపెట్ శబ్దమో బేరింగ్ శబ్దమో చెబుతాడు. మార్కెట్లో దొరకని బుష్షు లేతు మీద తీస్తాడు. తుప్పు తిన్న రెక్కను సుత్తి, డాలీతో మళ్లీ పుట్టిస్తాడు. బహదూర్‌పురాలో సుధాకర్ గారి మ్యూజియంలో బూటు ఆకారంలో, కప్పు ఆకారంలో నడిచే కార్లు చూసి చప్పట్లు కొడతాం. ఆ హునర్ వింతగా ఉన్నంతసేపే మనకు ముద్దు. అదే హునర్ ఒక పాత కారును మరో ముప్పై ఏళ్లు భద్రంగా నడిపించడానికి పనికొస్తే మాత్రం సెక్షన్ చదువుతాం. ఆ మిస్త్రీ చేసిన పనికి దస్తఖత్ లేదు, రసీదు లేదు, పేరు లేదు. పని చేసిన చేతికి పేరు ఇవ్వని కానూన్ ఆ పనిలో తప్పు జరిగితే ఎవరిని పట్టుకుంటుంది?

నా డిమాండ్లు మూడు. ఒకటి: హిఫాజత్ పెంచే మార్పుల ఫెహ్రిస్త్ రాసి బయట పెట్టండి. డిస్క్ బ్రేకులు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, సీటు బెల్టులు, ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్, ఇథనాల్ తట్టుకునే పైపులు, గట్టి వాల్వు సీట్లు. వీటిని చేయించినవాడు భయపడకూడదు. వీటి వల్ల వింటేజ్ గుర్తింపూ పోకూడదు. రెండు: ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటి పెద్ద మార్పులకు తనిఖీ చేసి ఆర్సీలో ఎక్కించే దారి తెరవండి. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఆ కాగితాన్నే చూస్తుంది. మూడు: పని చేసిన మిస్త్రీ పేరు, తారీఖు, మార్చిన భాగం రాసే ఒక ఖాతా పుస్తకం బండితోపాటు ఉండాలి.

ఇంట్లో పని చేసుకునే దోస్తులకు కూడా ఒక మాట. కోయడం తేలిక, అతకడం కష్టం. వీలైనంత వరకు బోల్టుతో బిగించండి, చాసీని కోయకండి. తీసిన డైనమో, డ్రములు, కార్బురేటర్ నూనె రాసి పెట్టెలో దాచండి. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదకండి. మీరు మార్చినది మీ తర్వాతివాడు వెనక్కి తిప్పుకోగలగాలి. అమానత్ అంటే అదే.

అసలీవాలాలకు చివరి మాట. మీ కారు కప్పుకింద మెరుస్తూ ఉంటుంది, ఏడాదికి ఒకసారి ర్యాలీలో రిబ్బను కట్టుకుంటుంది. ముబారక్. కానీ కారు చేసినవాడు దాన్ని నడవడానికి చేశాడు. నడిచేదానికి అరుగుదల ఉంటుంది, అరిగినదానికి మరమ్మతు ఉంటుంది, మరమ్మతుకు అకల్ ఉన్న చెయ్యి కావాలి. ఆ చేతిని ముజ్రిమ్‌ను చేసి మీరు కాపాడుతున్నది కారును కాదు, దాని ఫోటోను.