మీట ఎవరి చేతిలో ఉంది?

యుద్ధమనగానే మనకు బాంబులు, ట్యాంకులు, శరణార్థుల గుడారాలు గుర్తొస్తాయి. 2022 నుంచి వాటి పక్కన ఇంకొకటి చేరింది. ఆకాశం వైపు తిప్పి పెట్టుకునే పళ్లెమంత ఆంటెన్నా. దాని మీట ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందన్నది ఇప్పుడు మనమూ ఆలోచించాల్సిన ప్రశ్న.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన రోజే వయాశాట్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ మీద సైబర్ దాడి జరిగింది. వేల మోడెములు ఒక్కసారిగా మూగబోయాయి. రెండు రోజుల తర్వాత ఉక్రెయిన్ మంత్రి మిఖైలో ఫెదొరోవ్ ట్విట్టర్‌లోనే ఈలాన్ మస్క్‌ను స్టార్‌లింక్ సేవ ఇవ్వమని అడిగారు. గంటల్లోనే సేవ మొదలైంది. ఆస్పత్రులకు, సైనికులకు, చెదిరిపోయిన కుటుంబాలకు అదే ఆధారమైంది. చేసిన మేలును మేలు అనే చెప్పుకోవాలి.

అదే ఏడాది సెప్టెంబరులో క్రిమియా తీరంలోని రష్యా నౌకల మీదికి ఉక్రెయిన్ డ్రోన్ పడవలను పంపింది. అక్కడ కూడా సేవ తెరవమని అత్యవసరంగా కోరితే తాను ఒప్పుకోలేదని మస్క్ ఏడాది తర్వాత స్వయంగా చెప్పారు. పెద్ద యుద్ధచర్యలో తన కంపెనీ భాగం కాకూడదన్నది ఆయన ఇచ్చిన కారణం.

శాంతిని కోరేవాళ్లం కాబట్టి, ఒక దాడి ఆగితే మంచిదే కదా అని మనకు అనిపించవచ్చు. అయితే ఆ నిర్ణయం ఏ పార్లమెంటూ చర్చించలేదు, ఏ న్యాయస్థానమూ విచారించలేదు. ఈ రోజు దాడిని ఆపిన చెయ్యే రేపు అంబులెన్సు పిలుపునూ ఆపగలదు. అప్పుడు మనం ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలి?

సూడాన్ ప్రజలకు ఈ ప్రశ్న ఎదురైంది. 2023 ఏప్రిల్‌లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ఫోన్ నెట్‌వర్కులు కూలిపోయాయి. బయటి ఊళ్ల బంధువులు పంపిన డబ్బు అందాలన్నా, ఉమ్మడి వంటశాలలు నడవాలన్నా స్టార్‌లింక్ పెట్టెలే దిక్కయ్యాయి. లైసెన్సు లేని దేశాల్లో సేవ ఆపేస్తామని కంపెనీ హెచ్చరించినప్పుడు సహాయ సంస్థలు ఆపవద్దని వేడుకోవలసి వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ల తరఫున ఒక కంపెనీని బతిమాలుకోవడం తప్ప వాళ్లకు మరో దారి లేకపోయింది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఉన్న మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని నేల మనది. ఊళ్లో నీళ్లున్న బోరు ఒక్కరిదే అయితే, ఆయన ఎంత మంచివాడైనా, కాలనీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆయన ముఖం చూస్తూ నిలబడాలి. మనసుంటే పోస్తాడు, కోపమొస్తే మోటరు ఆపుతాడు. అదే పంచాయతీ కొళాయి అయితే ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. నీళ్లు రాకపోతే వెళ్లి అడిగే చోటు ఒకటుంటుంది. ఇస్సాకు మీద అసూయతో ఫిలిష్తీయులు అతని తండ్రి దాసులు తవ్విన బావులను మట్టితో పూడ్చారు. గిట్టనివాడి గొంతు ఎండబెట్టడం అంత పాత పద్ధతి.

ఇంటర్నెట్ కూడా మన బతుకుల్లో నీళ్లలాంటిదే అయిపోయింది. రేషన్ అంగడిలో వేలిముద్ర పడాలన్నా, పహణి తీసుకోవాలన్నా, శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్ల వేలం నడవాలన్నా నెట్ ఉండాలి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ కూలీల హాజరు ఫోన్‌లో ఫోటో తీసి పంపితేనే లెక్కయ్యే పద్ధతి వచ్చింది. సిగ్నల్ లేదంటే చేసిన కూలి చేతికి రాదన్న భయమే.

మన దేశంలోకి స్టార్‌లింక్ రావడానికి 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది, జూలైలో అంతరిక్ష అనుమతి వచ్చింది. జియో, ఎయిర్‌టెల్ ఆ ఏడాది మార్చిలోనే దానితో ఒప్పందాలు చేసుకున్నాయి. తీగ చేరని కొండపల్లెకు ఇది ఉపయోగమే. కానీ అప్పటికే ప్రపంచంలో పనిచేస్తున్న ఉపగ్రహాల్లో సగానికి పైగా ఈ ఒక్క కంపెనీవే. 2025 జూలై 24న దాని సాఫ్ట్‌వేర్‌లో లోపం వచ్చి దాదాపు రెండున్నర గంటలు సేవ ఆగితే, ఉక్రెయిన్ రణరంగంలోనూ ఆగిపోయింది.

అలాగని మీటను ప్రభుత్వానికి అప్పగిస్తే సమస్య తీరిపోతుందని అనుకోవద్దు. కాశ్మీరులో 2019 ఆగస్టులో ఆపిన 4జీ సేవ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. మణిపూర్‌లో 2023 మే నుంచి నెలల తరబడి ఇంటర్నెట్ లేదు. అక్కడి చర్చిలు తగలబడిన వార్తలు, స్త్రీల మీద జరిగిన ఘోరాలు లోకానికి ఆలస్యంగా తెలియడానికి అదీ ఒక కారణం. సేవను నిరవధికంగా ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వును ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వమైనా కంపెనీ అయినా, జవాబు చెప్పనక్కర్లేని చెయ్యి ప్రమాదమే.

ఆకాశం మాకేం తెలుసు, అది పెద్దవాళ్ల వ్యవహారం అని మనం తప్పుకోకూడదు. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్ర, కర్ణాటకలతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. గడువు తీరగానే, ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం ఉపగ్రహం వెనక్కి వెళ్లింది. అరువు అరువేనని తెలుసుకుని దేశం సొంతంగా ఇన్‌శాట్ వ్యవస్థను కట్టుకుంది.

2022 మార్చిలో వన్‌వెబ్ కంపెనీ 36 ఉపగ్రహాలు బైకనూరులో రాకెట్ మీద సిద్ధంగా ఉండగా, సైన్యానికి వాడబోమని హామీ ఇవ్వాలని, బ్రిటన్ ప్రభుత్వం తన వాటా వదులుకోవాలని రష్యా పట్టుబట్టింది. ప్రయోగం రద్దయింది. చివరికి ఆ కంపెనీ ఉపగ్రహాలను మన శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36 పైకి పంపారు. ఆ దీవిలో ఒకప్పుడు బతికిన యానాది కుటుంబాలు కేంద్రం కోసం చోటు ఖాళీ చేసి వెళ్లాయి. పేదల నేల మీద, ప్రజల డబ్బుతో ఆకాశానికి దారి వేశాక, ఆ ఆకాశం గురించి అడిగే హక్కు పేదలకు లేదని ఎవరంటారు?

కాబట్టి మూడు మాటలు గట్టిగా అడుగుదాం. మొదటిది, సేవ ఎవరు ఆపినా కారణం, గడువు రాతలో ఉండాలి, దాన్ని ప్రశ్నించే చోటు ఉండాలి. కోర్టు ప్రభుత్వానికి పెట్టిన ఈ నియమాన్ని కంపెనీల లైసెన్సులోనూ రాయాలి. రెండోది, యుద్ధమైనా అల్లర్లైనా ఆస్పత్రి, అంబులెన్సు, సహాయ శిబిరం, రేషన్, కూలి డబ్బు నడిచే దారిని తెంచకూడదు. మూడోది, ఉపగ్రహం వచ్చిందని నేల మీది తీగను వదిలేయకూడదు. భారత్‌నెట్ కోసం 2023 ఆగస్టులో కేంద్రం రూ.1,39,579 కోట్లు ఆమోదించింది. అది మన పంచాయతీ కొళాయి లాంటిది.

మన సంఘాలు వచ్చే గ్రామసభలో ఒక ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. మన పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ తీగ పనిచేస్తోందా? లేకపోతే ఎప్పుడు బాగుచేస్తారు? జవాబును సభ పుస్తకంలో రాయించండి. యుద్ధాలు మనల్ని అడిగి రావు. వచ్చిన రోజున ఎవరి దయ కోసమో ఎదురుచూడకుండా ఉండాలంటే, మనం అడగాల్సినవి ఇప్పుడే అడగాలి.