మన అడవి ఆకే కదా అనకండి



ఎండాకాలం వచ్చిందంటే చెన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే జనం అడవి బాట పడతారు. తునికాకు కోసుకొచ్చి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో లెక్క అప్పజెబుతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. వానాకాలం పనులు మొదలయ్యే లోపు ఆ నాలుగు రూపాయలే ఎన్నో ఇండ్లను ఆదుకుంటాయి. అటు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో మన అక్కచెల్లెళ్ళు చాట ముందు పెట్టుకొని, అదే ఆకుతో బీడీలు చేసి సంసారాలు ఈదుతున్నారు. కాబట్టి ఆ కష్టాన్ని గాని, ఆ ఆకును గాని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆ బీడీ అంటించి పొగ లోపలికి పీల్చితే మన దేహానికి ఏమగునో ఈ నెల తెలిసికొందాం.

“సిగరెట్టు చెడ్డదే గాని బీడీకి ఏమైతది? మన అడవి ఆకే కదా! లోపల ఉన్నది చిటికెడు పొగాకే కదా!” అని పెద్దలు సైతం అంటుంటారు. పొగాకు తక్కువన్న మాట నిజమే. అయితే తునికాకు దట్టమైనది, గాలి చొరనివ్వదు. గట్టిగా, మాటిమాటికీ లాగకపోతే బీడీ ఆరిపోతుంది. దానికి ఫిల్టరు కూడా లేదు. అందుచేత నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు సిగరెట్టుతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో లోపలికి చేరతాయి. పొగాకు పొగలో వేలాది రసాయనాలున్నాయి. వాటిలో కేన్సరు కలిగించేవి 60కి పైనే.

మన దేశంలో సుమారు 11 లక్షల ఇండ్లలో విచారించి, 2008లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలను ప్రకటించారు. బీడీ త్రాగే మగవారి ఆయుష్షు సుమారు 6 ఏండ్లు, ఆడవారి ఆయుష్షు సుమారు 8 ఏండ్లు తగ్గుతున్నదని అందులో తేలింది. “నేను రోజుకు నాలుగైదే త్రాగుతాను” అని ధైర్యపడేవారు ఇది వినాలి. రోజుకు 1 నుండి 7 బీడీలు త్రాగేవారికి కూడా మరణ ప్రమాదం నాలుగో వంతు పెరిగినట్లు అదే పరిశోధన చెప్పింది. కేన్సరు ఒక్కటే కాదు. క్షయ, ఆయాసం, గుండెజబ్బు, పక్షవాతం కూడా పొగ వెంట వస్తాయి. మందమర్రి, రామకృష్ణాపూర్ బొగ్గు గనులలో పనిచేసిన సోదరులు మరీ జాగ్రత్తపడాలి. దుమ్ముతో అలసిన ఊపిరితిత్తులపై పొగ మరొక బరువు.

త్రాగేది ఒక్కరైనా పీల్చేది ఇల్లంతా. పొగ నిండిన ఇంట్లో పసిపిల్లలకు నిమోనియా, ఉబ్బసం, చెవిపోటు ఎక్కువ. గర్భిణికి బరువు తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదమున్నది.

“ఇన్నేండ్లు త్రాగితిమి, ఇప్పుడు మాని ఏం లాభం?” అని అడుగుతారేమో. లాభం వెంటనే మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలోని విషవాయువు తగ్గిపోతుంది. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుముఖం పడతాయి. ఒక ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం దాదాపు సగానికి దిగుతుంది. 10 ఏండ్లకు ఊపిరితిత్తుల కేన్సరు ప్రమాదం కూడా సుమారు సగమవుతుంది. 60 ఏండ్లప్పుడు మానినవారికీ మేలు ఉన్నది.

మానుట ఎట్లు? ముందుగా ఒక తేదీ నిర్ణయించుకొని, ఇంట్లోవారికి, ఒక మంచి మిత్రునికి చెప్పండి. ఆ రోజు బీడీకట్ట, అగ్గిపెట్టె రెండూ ఇంట్లో లేకుండా చేయండి. మొదటి మూడు నాలుగు రోజులు కష్టం: చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవుట సహజం. మూడు నాలుగు వారాల్లో అవి చాలావరకు తగ్గుతాయి. త్రాగాలన్న కోరిక పుట్టినప్పుడు అయిదు నిమిషాలు ఓర్చుకోండి. చల్లని నీళ్ళు త్రాగండి, సోంపు గాని ఉసిరి ముక్క గాని నోట వేసుకోండి, లేచి నాలుగడుగులు నడవండి. చాయ త్రాగగానే బీడీ అలవాటున్నవారు కొన్నాళ్ళు చాయ వేళను మార్చుకోండి. బీడీ బదులు అంబర్, గుట్కా మాత్రం పట్టకండి. అవి నోటి కేన్సరుకు దారి. పొగాకు ప్యాకెట్లపై అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. అవసరమైతే డాక్టరు నికోటిన్ చూయింగ్ గమ్ గాని, మందులు గాని వ్రాస్తారు.

రెండు వారాలు దాటిన దగ్గు, కళ్ళెలో రక్తం, నోటిలో మానని పుండు, మారిన గొంతు – వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష, మందులు ఉచితమే.

తల్లులారా, సోదరీలారా, ఇంట్లో త్రాగేవారిని నలుగురిలో అవమానించకండి. మానిన మొదటి వారం వారికి తోడుగా ఉండండి. తప్పిపోయి మళ్ళీ ఒకటి త్రాగితే, “ఇక నీవల్ల కాదు” అనక, రేపటి నుండి మళ్ళీ మొదలుపెట్టమనండి. చాలామంది రెండు మూడుసార్లు ప్రయత్నించాకే విడువగలిగారు. సంఘ పెద్దలు కూడా ఇటువంటివారిని పేరు బయటపెట్టకుండా పరామర్శించి, వారికొరకు ప్రార్థించుట మేలు.

ఆకు కోసిన చేతులు, బీడీ చేసిన చేతులు ఇల్లు నిలబెట్టుటకు కష్టపడుచున్నవి. ఆ ఇంటి పెద్ద దిక్కు పొగకు పోకూడదు. తేదీ ఈ వారమే నిర్ణయించుకోండి. దేవుడు మీకు ఆ బలము దయచేయును గాక.