పురుగుమందు డబ్బాలు: నీటి సాక్ష్యము

ఒంగోలునుండి కొత్తపట్నమునకు పోవు బాటలో, పంటకాలము వచ్చినంతనే, ప్రత్తికిని మిరపకును చల్లవలసిన మందులు బియ్యపు సంచుల ప్రక్కనే ఆటోలలో ప్రయాణము చేయుచుండును. రైతు మందు పేరడుగును, వెల యడుగును, అది అసలో నకిలీయో యని సందేహించును. డబ్బాను గూర్చి మాత్ర మెవ్వరును అడుగరు. ఆ యడుగని ప్రశ్ననే నేడు మా పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

ప్రమాదకరములగు సరకులను మోయు పీపాలకును డబ్బాలకును ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము కొన్ని పరీక్షలను నిర్ణయించినది. ఓడలకును విమానములకును వర్తించు అంతర్జాతీయ నిబంధనలు వీనినే అనుసరించుచున్నవి. నిండు డబ్బాను గట్టి నేలపై పడవేయవలయును. అందలి సరకు మిక్కిలి ప్రమాదకరమైనచో 1.8 మీటరుల ఎత్తునుండి, మధ్యమమైనచో 1.2 మీటరులనుండి, స్వల్పమైనచో 0.8 మీటరులనుండి. ప్లాస్టికు డబ్బానైనచో ముందుగా సున్నకు దిగువ 18 డిగ్రీల చలికి తెచ్చి పడవేయుదురు. దొంతరలో అడుగున నుండు డబ్బా పైబరువునకు ఓర్చునో లేదో చూతురు. ద్రవములు పోయు ప్లాస్టికు డబ్బాలకు ఈ యోర్పు పరీక్ష 40 డిగ్రీల వేడిమిలో 28 దినములు సాగును.

ఇట్లు పగులగొట్టి చూచు డబ్బాలలో నిజమైన విషమునే నింపినచో పరీక్షించువాని గతి యేమి? అందుచేత సరకునకు మారుగా మరియొక పదార్థమును నింప నిబంధనలు అనుమతించుచున్నవి. పరీక్షాఫలితము దానివలన తారుమారు కారాదన్నదే షరతు. పడవేయు పరీక్షకు సామాన్యముగా నీరే చాలును. సరకు సాంద్రత 1.2 దాటినచో ఆ మేరకు ఎత్తును పెంచుదురు. చలికి నీరు గడ్డకట్టకుండ మరియొక ద్రవమును కలుపుదురు. దీనిని మోసమనువారితో మేము ఏకీభవింపము. బరువు విషయమున నీరు మందునకు న్యాయమైన ప్రతినిధియే.

కాని డబ్బాను చెరచునది బరువొక్కటియే కాదు. మందుల డబ్బాలు పెక్కు పాలిథీనుతో చేసినవి. దానిని ద్రవములు ముఖ్యముగా మూడు విధముల బాధించును. కిరసనాయిలు జాతి ద్రావకములు గోడలోనికి ఇంకి దానిని ఉబ్బించి మెత్తపరచును. సబ్బు జాతి పదార్థములు గోడను కరగింపవు. కాని మూతకడ, పిడికడ, మూలలయందు, ఎక్కడ గోడ బిగువున నున్నదో అక్కడ సన్నని బీటలను పెంచును. నత్రికామ్లము వంటివి పాలిథీను అణువులనే త్రెంచివేయును. ఇక క్లోరిపైరిఫాస్ 20 ఈ.సీ. వంటి మందును చూడుడు. నీటిలో పోసినంతనే అది పాలవలె తెల్లబడునని ప్రతి రైతునకును తెలియును. మందు నూనెజాతి ద్రావకములో కరగియున్నది. అది నీటితో కలియుటకై సబ్బువంటి పదార్థమును చేర్చియున్నారు. అనగా ఉబ్బించునదియు బీటలు వార్చునదియు నొక్క డబ్బాలోనే కాపురమున్నవి. తొలుతటి పనిని నీరు చేయనే చేయదు. రెండవ పనిలోను సబ్బునకు సాటిరాదు. నీటితో నింపిన డబ్బా 28 దినములును చెక్కుచెదరక నిలువవచ్చును. అది మందునకు ఓర్చునని అంతమాత్రమున తేలదు.

ఐరోపా రోడ్డు రవాణా నిబంధనలు ఈ చిక్కును గుర్తించి పాలిథీను డబ్బాలకై ఆరు ప్రతినిధి ద్రవముల నేర్పరచినవి. అవి సబ్బుజాతి ద్రావణము, ఎసిటికామ్లము, బ్యూటైల్ ఎసిటేటును దానితో సంతృప్తమైన సబ్బుజాతి ద్రావణమును, వైట్ స్పిరిట్ అను నూనెల మిశ్రమము, నత్రికామ్లము, కడపట నీరు. ఏ సరకు ఏ ద్రవమునకు సమానమో జాబితాయున్నది. నిజమైన సరకుతో ఆరు నెలలు నిలువయుంచి చూడవలసిన దానిని ఈ ద్రవములతో 40 డిగ్రీలలో 3 వారములలో ముగింపవచ్చును. ఈ యారింటిలో నీరు, తక్కిన వానివలె పాలిథీనును బాధింపని సరకులకు మాత్రమే ప్రతినిధి. గ్రామము ముఖము చూడనివాడు గ్రామమునకు ప్రతినిధి యగుట మనకు క్రొత్త గాదు గాని, డబ్బాల విషయమునందైన దానిని సహింప నక్కరలేదు.

40 డిగ్రీలనగా చలిదేశమువారికి కఠినపరీక్ష. రోహిణి కార్తెలో ఒంగోలువారికి అది నీడలోని వేడిమి. రేకుల కొట్టులో, తలుపులు బిగించిన లారీలో నెంత యుండునో మేము చెప్పనక్కరలేదు. ఒత్తిడి పరీక్షకు 55 డిగ్రీలను లెక్కలోనికి తీసికొనుచున్నమాట నిజమే. అది లోపలి యావిరి ఒత్తిడికి సంబంధించిన లెక్క, గోడ మెత్తబడుటకు సంబంధించినది గాదు.

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి యున్నది. పై చెప్పిన నిలువ పరీక్ష ప్రధానముగా ఒంటరిగా ప్రయాణము చేయు పెద్ద పీపాలకును డబ్బాలకును నిర్దేశింపబడినది. మన రైతు కొనునది పావు లీటరో లీటరో పట్టు సీసా. అది అట్టపెట్టెలో తోడి సీసాలతో వచ్చును. పరీక్షయు పెట్టెతో కలిపియే జరుగును. పెట్టె లోపలి సీసాకు వేరుగా ఆ నిలువ పరీక్షను ఈ నిబంధనలు విధింపలేదు. ఓడవానికిని లారీవానికిని ఇది చాలును, ఏలయన వారు మోయునది పెట్టెను. కాని పెట్టె దుకాణములోనే విప్పబడును. అక్కడినుండి సీసా చేతిసంచిలో, సైకిలు కొయ్యకు వ్రేలాడుచు ఇల్లు చేరి, వసారా చూరులోనో పశువుల పాకలోనో ఒక కారునుండి మరియొక కారువరకు నిలువయుండును. పరీక్షలో నెగ్గినది పెట్టె. పిల్లలు తిరుగు ఇంటిలోనికి వచ్చినది సీసా.

డబ్బా కారినచో నేమగునో దేశ మొకసారి చూచినది. 1958లో కేరళలో, ఫాలిడాలను పేర అమ్ముడుపోవు పారథియాను గోధుమపిండి నంటినది. పిండియు విషమును ఒక్క ఓడలోనే వచ్చినవి. నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరమును విచారించుటకు షా కమిషను ఏర్పడినది; తరువాత పదేండ్లకు, 1968లో, పురుగుమందుల చట్టము వచ్చినది. 1971 నాటి నియమముల ప్రకారము మందు నుంచు పాత్రరకమును రిజిస్ట్రేషను కమిటీ అంగీకరింపవలయును. ఖాళీ పాత్రలను పగులగొట్టి జనావాసములకు దూరముగా పూడ్చవలయును. ఈ రెండవ నియమము ఎంత నడచుచున్నదో చెప్పుటకు ఏ పల్లెనైన నొక దినము తిరిగిన చాలును. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనమున మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయిరి. విషము వంటనూనె ద్వారా వచ్చినదని పరీక్షలలో తేలినది. పాలిథీను గోడలోనికి ఇంకిన మందు నీటితో కడిగినంతమాత్రమున పూర్తిగా పోదు. ఉబ్బించు ద్రవముతో పరీక్షించినవానికి ఈ సంగతి తెలియును, నీటితో పరీక్షించినవానికి తెలియదు.

కొత్తపట్నము వంటి తీరగ్రామములకు దీనిలో ప్రత్యేకమైన భయమున్నది. ఇసుక నేలలో నీరు పైననే దొరకును. దొరువు త్రవ్వి కుండతో తోడి తోటకు పోయుట అక్కడి పూర్వపు సేద్యము. నల్లరేగడిలో కారిన మందు కొంతకాలము మట్టిని పట్టుకొనియుండవచ్చును. ఇసుకలో దానిని పట్టి నిలుపు బంకమన్ను లేదు.

ఇక చేయవలసినదేమి? మన దేశమునుండి ఓడలలో పోవు ప్రమాదకర సరకుల డబ్బాలకు ఐక్యరాజ్యసమితి ముద్ర కావలయును. 1966లో స్థాపితమైన భారత ప్యాకేజింగు సంస్థ, ముంబయి కేంద్రముగా, ఈ పరీక్షలు చేసి ధ్రువపత్రము లిచ్చుచున్నది. హైదరాబాదులోను దానికి శాఖ కలదు. కనుక పరికరములు లేవనియు, తెలిసినవారు లేరనియు సాకు చెప్ప వీలులేదు. పరదేశపు రేవునకు పంపు డబ్బాకు ఈ శ్రద్ధ చెల్లినప్పుడు స్వదేశపు రైతు సీసాకు ఏల చెల్లదు? లోపల నైలాను పొర గల సీసాలకు ఖర్చు హెచ్చునని తయారీదారు లందురు. హెచ్చును. ఎకరమునకు అనేక పర్యాయములు మందు కొట్టు మిరపరైతునకు ఆ భారము తెలియనిది గాదు; కాని కారిపోయిన మందునకు కూడ అతడే వెల చెల్లించుచున్నాడు.

మందును అంగీకరించునప్పుడే దాని చిల్లర సీసాను, ఆ మందుతోనో, దానికి నిజముగా సమానమైన ప్రతినిధి ద్రవముతోనో, మన యెండలకు తగిన వేడిమిలో నిలువయుంచి పరీక్షించిన పత్రమును రిజిస్ట్రేషను కమిటీ కోరవలయును. ఆ పత్రము బీరువాలో దాగరాదు. నేడు పెద్ద డబ్బాలపై అచ్చొత్తు ముద్రలోను సరకు తరగతి, సాంద్రత, ఒత్తిడి, సంవత్సరము, దేశము మాత్రమే కనబడును. ఏ ద్రవముతో పరీక్షించిరో కనబడదు. ద్రవము పేరు, దినములు, వేడిమి, ఈ మూడింటిని సీసా చీటీపైననే వ్రాయవలయును. చీటీపై చోటు చాలదనువారు, విషతీవ్రతను తెలుపు రంగు గుర్తునకు ప్రక్కన తమ వ్యాపారపు బొమ్మకు ఎంత చోటిచ్చుకొనిరో కొలిచి చూచుకొనవచ్చును.